ఆ పోస్టర్ మీద రెండో పేరు కూడా వేయండి

ప్రపంచ సినిమా గురించి తెలుగులో రాసేవాళ్లకు, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ ఇంకా మనవాళ్లున్న ఏ ఊళ్లో అయినా ఫిల్మ్ క్లబ్బులు నడిపేవాళ్లకు,

నమస్కారం. విషయం సూటిగా చెప్తాను. మీరు 1940ల నాటి బ్రిటిష్ సినిమాలు, ‘ద రెడ్ షూస్’ వేసినప్పుడు, ‘బ్లాక్ నార్సిసస్’ గురించి వ్యాసం రాసినప్పుడు, ‘మైకేల్ పావెల్ సినిమా’ అని రాస్తున్నారు. ఆ సినిమాలు తీసినవాళ్లు తెర మీద అలా వేసుకోలేదు. రచన, నిర్మాణం, దర్శకత్వం, ఈ మూడూ కలిపి ఒకే కార్డు, దాని మీద మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ అని రెండు పేర్లు. 80 ఏళ్ల కింద వాళ్లు అంత స్పష్టంగా చెప్పిన మాటని మనం ఇవాళ ఎందుకు సగం చేసి చదువుతున్నామో నాకు అర్థం కావట్లేదు.

ఈమధ్య ఒక క్లబ్ వాళ్లు ప్రదర్శన పెడుతూ పోస్టర్ పంపారు. పేరు చెప్పను, మంచి పని చేస్తున్నవాళ్లే. బొమ్మ బాగుంది, కింద పెద్దక్షరాల్లో పావెల్ పేరు ఒక్కటే. అడిగితే, ‘డైరెక్టర్ ఆయనే కదండీ, ఇంకొకాయన రైటర్ అనుకుంటా’ అన్నారు. ఆ ‘రైటర్ అనుకుంటా’ అన్న మాటే నాచేత ఈ ఉత్తరం రాయిస్తోంది. నేను స్టోరీ సిట్టింగ్స్‌లో కూర్చుని బతికే మనిషిని. ఒక కథ ఇద్దరు ముగ్గురి మధ్య ఎలా పుడుతుందో, చివరికి తెర మీద అది ఒక్కరి పేరుగా ఎలా మిగులుతుందో చాలా దగ్గర నుంచి చూస్తుంటాను. అందుకే ఇది నాకు క్విజ్ ప్రశ్నలాంటి చిన్న విషయంగా అనిపించదు.

ఆ ఇద్దరూ ఎవరో ముందు చెప్తాను, తెలిసినవాళ్లు ఈ రెండు పేరాలూ దాటేయొచ్చు.

పావెల్ 1905లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, కాంటర్‌బరీ దగ్గర ఒక పల్లెలో పుట్టాడు, రైతు కొడుకు. కొన్నాళ్లు బ్యాంకులో పనిచేశాడు, మనసు నిలవలేదు, ఫ్రాన్స్‌లోని నీస్‌లో రెక్స్ ఇంగ్రమ్ అనే దర్శకుడి యూనిట్‌లో చేరి చిన్నాచితకా పనులన్నీ చేస్తూ సినిమా నేర్చుకున్నాడు. 1930లలో బ్రిటన్‌లో థియేటర్లు కొంత శాతం బ్రిటిష్ సినిమాలు తప్పనిసరిగా వేయాలన్న చట్టం ఉండేది, దాని కోసం చవగ్గా, గబగబా చుట్టేసే సినిమాలు బోలెడు వచ్చేవి. పావెల్ అలాంటివి వరసగా తీసి చెయ్యి తిప్పుకున్నాడు. తర్వాత 1936లో షెట్లాండ్ దీవుల్లోని ఫూలా అనే మారుమూల దీవికి యూనిట్‌ని తీసుకెళ్లి, తన మనసులో ఉన్న సినిమా ఒకటి తీశాడు. గాలి, సముద్రం, కొండ అంచు, ఇవంటే ప్రాణం అతనికి.

ప్రెస్‌బర్గర్ 1902లో హంగరీలోని మిష్కోల్ట్స్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు ఇమ్రె. ప్రాగ్‌లో, స్టుట్‌గార్ట్‌లో ఇంజినీరింగ్ చదివాడు, మధ్యలో ఆగిపోయింది, బెర్లిన్ చేరి దరిద్రం అనుభవించి, కథలు అమ్ముకుని, చివరికి ఉఫా స్టూడియోలో స్క్రిప్ట్ రచయిత అయ్యాడు. 1933లో హిట్లర్ వచ్చాడు, ఇతను పారిస్ వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు తన గది తాళంచెవి తలుపుకే వదిలేశాడట, వెతుక్కుంటూ వచ్చే నాజీలు తలుపు పగలగొట్టే పని లేకుండా. పారిస్ నుంచి 1935లో లండన్. ఇంగ్లిష్ అతనికి హంగేరియన్, జర్మన్, ఫ్రెంచ్ తర్వాత నేర్చుకున్న భాష. ఇంగ్లండ్ గురించి ఇంగ్లిష్‌వాళ్లు చెప్పుకోలేని కథలు చెప్పినవాడు ముప్పై దాటాక ఆ దేశంలో దిగిన శరణార్థి అన్న సంగతి కాసేపు మనసులో ఉంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

వీళ్లిద్దర్నీ కలిపినవాడు అలెగ్జాండర్ కోర్డా, అతనూ హంగరీ మనిషే, లండన్‌లో పెద్ద నిర్మాత. ‘ద స్పై ఇన్ బ్లాక్’ అని ఒక నవల ఆధారంగా సినిమా, హీరో కాన్రాడ్ వైట్. స్క్రిప్ట్ ఎటూ కదలట్లేదు. మీటింగ్ పెట్టారు. పొట్టిగా, కళ్లజోడుతో ఉన్న ఒకతను జేబులోంచి చిన్న కాగితం చుట్ట తీసి, విప్పి, చదవడం మొదలుపెట్టాడు. నవలని పూర్తిగా తిరగేసి, పాత్రల్ని మార్చేసి, వైట్‌కి సరిపడే కొత్త కథ చెప్తున్నాడు. దాని మీద అప్పటిదాకా పనిచేసినవాళ్లు బిత్తరపోయారు, పావెల్ మాత్రం మంత్రం వేసినట్టు వింటూ ఉండిపోయాడు. ఇతన్ని ఇక వదలకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకున్నానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. సిట్టింగ్‌లో కూర్చున్నవాళ్లెవరికైనా ఆ క్షణం తెలుస్తుంది. రోజుల తరబడి ముడిపడి ఉన్న కథని ఒకడు వచ్చి ఒక్క చివర పట్టుకుని లాగితే మొత్తం విడిపోతుంది, గదిలో అందరూ ఒక్కసారి నిటారుగా కూర్చుంటారు.

ఆ సినిమా 1939లో వచ్చింది. తర్వాత యుద్ధంలో ‘ఫార్టీనైన్త్ పారలల్’ (1941), దాని మూలకథకి ప్రెస్‌బర్గర్‌కి ఆస్కార్ వచ్చింది. అంటే వాళ్లిద్దర్లో ఎక్కువ పేరు రావలసినవాడు అతనే. కావాలంటే రచయితగా విడిగా తన దారి తను చూసుకోవచ్చు, చూసుకోలేదు. 1942లో ‘వన్ ఆఫ్ అవర్ ఎయిర్‌క్రాఫ్ట్ ఈజ్ మిస్సింగ్’ నుంచి ఇద్దరి పేర్లూ కలిపి వేసుకోవడం మొదలైంది. ఆ రోజుల్లోనే సొంత కంపెనీ పెట్టుకున్నారు, పేరు ‘ది ఆర్చర్స్’. గురి చూసి కొట్టిన బాణాలతో నిండిన చక్రం, చివరి బాణం వచ్చి సరిగ్గా మధ్యలో దిగడం, అదే వాళ్ల బొమ్మ. ఆ రంగులు, ఆ చప్పుడు తెలిసినవాళ్లకి ఆ బాణం దిగగానే ఒళ్లు పులకరిస్తుంది.

కంపెనీ అంటే నోటిమాటగా ఏదో నడిపేయలేదు. 1942లో వెండీ హిల్లర్ అనే నటిని తమ సినిమాలోకి పిలుస్తూ ప్రెస్‌బర్గర్ ఒక ఉత్తరం రాశాడు, అందులో ఐదు మాటలున్నాయి. మా సినిమాకి డబ్బు పెట్టినవాళ్లకి తప్ప మేం ఎవరికీ జవాబుదారీ కాదు, వాళ్లకి కూడా నష్టం రాకుండా లాభం తేవడం వరకే మా బాధ్యత. సినిమాలో ప్రతి అడుగు ఫిల్మూ మా ఇద్దరి బాధ్యతే, మా బుద్ధికి తోచినదే చేస్తాం, ఇంకొకరి ఒత్తిడికి లొంగం. కొత్త కథ మొదలుపెట్టేటప్పుడు పోటీవాళ్ల కంటేనే కాదు, కాలం కంటే కూడా ఒక ఏడాది ముందుండాలి. జనం నిజం నుంచి తప్పించుకోవడానికే సినిమాకి వస్తారన్నది మేం నమ్మం. ఇక ఐదోది నాకు మరీ ఇష్టం: స్టార్ దగ్గర్నుంచి ప్రాపర్టీ బాయ్ దాకా పనిచేసే ప్రతి మనిషి ఆత్మగౌరవం ఆ సినిమా దేని గురించి, ఎందుకోసం అన్నదాన్ని బట్టే నిలబడుతుంది, లేదా పడిపోతుంది. ఇవి నా మాటల్లో చెప్తున్నాను, అసలు ఉత్తరం ఇంకా సూటిగా ఉంటుంది. ఈ ఉత్తరాన్ని మీరు మీ ప్రదర్శనలప్పుడు అచ్చువేసి పంచితే బాగుంటుంది. మనవాళ్లు ఎవరైనా కొత్త ప్రొడక్షన్ హౌస్ పెట్టుకునే రోజు ఆఫీసు గోడకి తగిలించుకోదగ్గది.

మరి ఎవరేం చేసేవాళ్లు? మామూలుగా మూలకథ, కథనం ప్రెస్‌బర్గర్‌ది. మొదటి డ్రాఫ్ట్ రాసి పావెల్‌కి ఇచ్చేవాడు. పావెల్ దాన్ని తీసుకెళ్లి మాటలు మార్చి, చోట్లు మార్చి, కొత్త సీన్లు చేర్చి మళ్లీ ఇతనికి ఇచ్చేవాడు. అలా కాగితాలు అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి ఏ వాక్యం ఎవరిదో చెప్పలేని స్థితికి వచ్చేది. సెట్‌లో నటులతో, కెమెరాతో పని పావెల్‌ది. ప్రొడక్షన్ వ్యవహారాల్లో ఎక్కువ భాగం ప్రెస్‌బర్గర్ నెత్తిన, తర్వాత ఎడిటింగ్ గదిలో, మ్యూజిక్ దగ్గర మళ్లీ అతనే. చిన్నప్పుడు వయొలిన్ వాయించినవాడు, సంగీతం మీద పట్టున్నవాడు. కాబట్టి ‘దర్శకుడు ఒకరే కదా’ అనేవాళ్లకి నా జవాబు ఇది: ఫ్లోర్ మీద యాక్షన్ చెప్పిన గొంతు ఒక్కటే, నిజమే. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఏది చూపించాలి, ఏది దాచాలి, ఏ సీన్ తర్వాత ఏది రావాలి, ఏ షాట్ ఎక్కడ తెగాలి, దాని కింద ఏ సంగీతం నడవాలి అన్నవి దర్శకత్వం కాకపోతే మరేంటి? ప్రెస్‌బర్గర్‌కి దర్శకత్వంలో పేరు మొహమాటానికి వేశారనేవాళ్లు పావెల్‌ని కూడా తక్కువ చేస్తున్నారు. ఆ పేరు పంచుకున్నవాడు అతనే, చచ్చేదాకా ఆ మాట మీదే నిలబడ్డవాడూ అతనే.

ఒక్క సినిమా దగ్గర ఆగుదాం, ‘ద లైఫ్ అండ్ డెత్ ఆఫ్ కల్నల్ బ్లింప్’, 1943. ఒక బ్రిటిష్ సైనికాధికారి యవ్వనం నుంచి ముసలితనం దాకా, నలభై ఏళ్ల కథ. అతని ప్రాణస్నేహితుడు ఒక జర్మన్. బయట బాంబులు పడుతున్న రోజుల్లో మంచి జర్మన్‌ని తెర మీద పెట్టడమేంటని ప్రభుత్వం మండిపడింది. చర్చిల్ అయితే ఈ సినిమాని ఆపడానికి ఏం చర్యలు తీసుకోవాలో చెప్పమని సమాచార మంత్రికి నోట్ పంపాడు. హీరోగా అనుకున్న లారెన్స్ ఒలివియేని నౌకాదళం నుంచి వదలనివ్వలేదు. వీళ్లు రోజర్ లివ్‌సీని పెట్టుకుని తీసేశారు. ఇద్దరిలో ఒక్కరు జంకినా ఆ సినిమా లేదు, అందులో ఒకతను కాగితాల మీద ఇంకా విదేశీయుడే, బ్రిటిష్ పౌరసత్వం అతనికి 1946లో గాని రాలేదు.

ఆ సినిమాలో ఒక సీన్ ఉంది. ముసలివాడైన జర్మన్ స్నేహితుడు థియో నాజీల్ని తప్పించుకుని ఇంగ్లండ్ వచ్చి, విదేశీయుల్ని విచారించే అధికారి ముందు కూర్చుంటాడు. ఎందుకొచ్చావ్ అని అడుగుతారు. గొంతు పెంచకుండా చెప్తాడు. భార్య ఇంగ్లిష్ మనిషి, చనిపోయింది. పిల్లలు నాజీలైపోయారు. ఆమె అంత్యక్రియలకి కూడా రాలేదు. ఎప్పుడో చూసిన ఇంగ్లండ్ మీద బెంగ పుట్టింది, అందుకొచ్చాను. కెమెరా మెల్లగా అతని ముఖం దగ్గరికి జరుగుతుంది, ఇంకేం చెయ్యదు. ఆ పాత్ర వేసిన ఆంటన్ వాల్‌బ్రూక్ స్వయంగా నాజీల పాలన వదిలి వచ్చేసిన ఆస్ట్రియన్. రాసిన ప్రెస్‌బర్గర్ అలాంటి బల్లల ముందు తనే కూర్చున్నవాడు. అతని తల్లి హంగరీలోనే ఉండిపోయింది, తర్వాత ఆష్‌విట్జ్‌లో చనిపోయింది. ఈ సీన్ చూపించి పోస్టర్ మీద ప్రెస్‌బర్గర్ పేరు లేకుండా చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది, ఇంకో మెత్తటి మాట దొరకట్లేదు.

అదే సినిమాలో ఇంకోటి. బెర్లిన్‌లో ఇద్దరు యువకుల కత్తియుద్ధం. దానికి ముందు తతంగం అంతా చూపిస్తారు, నియమాలు పుస్తకంలోంచి చదువుతారు, దూరం చూసుకుంటారు, చొక్కాలు సర్దుకుంటారు, చూసేవాడికి టెన్షన్ పెరిగిపోతుంది. కత్తులు కలవగానే కెమెరా పైకి లేచి, పైకప్పు దాటి, మంచు కురుస్తున్న నగరం మీదికి వెళ్లిపోతుంది. యుద్ధం మనకి కనిపించదు. బయట బండిలో ఎదురుచూస్తున్న అమ్మాయి దగ్గరికి వెళ్తాం. అంత ఊరించి చూపించకపోవడం రచయిత ధైర్యమా, దర్శకుడి ధైర్యమా? ఆ ఎత్తుకి కెమెరాని లేపడం పావెల్ పనితనం, సందేహం లేదు. కానీ ఈ కథలో గెలుపోటములు ముఖ్యం కాదు, ఆ తతంగమూ, దాని తర్వాత పుట్టే స్నేహమూ ముఖ్యం అన్న ఎరుక లేకపోతే ఆ కెమెరా పైకి లేవడానికి కారణమే లేదు. నాకైతే ఈ ఒక్క షాట్ చాలు, వీళ్లని విడదీయలేం అని చెప్పడానికి.

‘ఐ నో వేర్ ఐయామ్ గోయింగ్!’ (1945) సంగతి కూడా చెప్పాలి, నాకు అన్నిట్లోకీ ప్రియమైనది. రంగుల్లో తీసే టెక్నికలర్ కెమెరాలు దొరక్క వేరే సినిమా ఆగిపోయి ఉన్నప్పుడు ఈలోగా చిన్నది ఒకటి తీద్దాం అనుకున్నారు. ప్రెస్‌బర్గర్ చెప్పాడట: ఒక అమ్మాయి ఒక దీవికి వెళ్లాలనుకుంటుంది, వెళ్లలేకపోతుంది, చివరికి వెళ్లే వీలు దొరికేసరికి వెళ్లాలనిపించదు. పావెల్ అడిగాడట, అసలెందుకు వెళ్లాలనుకుంటుంది? సినిమా తీసి తెలుసుకుందాం అన్నాడట ఇతను. స్క్రిప్ట్ కొద్ది రోజుల్లోనే వచ్చేసింది. పావెల్‌కి ప్రాణమైన స్కాట్లండ్ దీవులు, పడవలు, కోరివ్రెకన్ సుడిగుండం అన్నీ అందులో పడ్డాయి. హీరో రోజర్ లివ్‌సీకి అప్పుడు లండన్‌లో నాటకం ఉంది, స్కాట్లండ్ రాలేడు. కాబట్టి అక్కడ దూరం షాట్లన్నీ డూప్‌తో తీసి, దగ్గరివి స్టూడియోలో తీసి కలిపారు. సినిమా చూస్తే ఎక్కడా అతుకు కనపడదు, లివ్‌సీ ఆ దీవిలో పుట్టి పెరిగినట్టే ఉంటాడు. అన్నట్టు హీరోయిన్ వెండీ హిల్లర్, మూడేళ్ల కింద ఆ ఐదు మాటల ఉత్తరం అందుకున్న మనిషే.

‘ఎ మేటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’ (1946) గురించి ఎక్కువ రాయను, మీలో చాలామందికి తెలిసిందే. భూమి రంగుల్లో, పై లోకం నలుపు తెలుపుల్లో. రెండు లోకాల మధ్య కదిలే మెట్లని నిజంగానే కట్టించారు, ఇరవై అడుగుల వెడల్పు, 106 మెట్లు. బ్రిటన్‌లో మొదటి రాయల్ ఫిల్మ్ పెర్ఫార్మెన్స్‌కి ఎంపికైంది కూడా ఈ సినిమానే.

ఇక ‘బ్లాక్ నార్సిసస్’, 1947. ఇది మన దేశం కథ కాబట్టి మన క్లబ్బుల్లో ఎక్కువగా వేస్తారు, కాబట్టి ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడాలి. రూమర్ గోడెన్ నవల, హిమాలయాల్లో పాడుబడిన మహల్‌లో ఆశ్రమం పెట్టడానికి వచ్చిన నన్‌ల కథ. హిమాలయం అంతా పైన్‌వుడ్ స్టూడియోలో, సస్సెక్స్‌లోని ఒక తోటలో, అద్దాల మీద గీసిన బొమ్మల్లో పుట్టింది. ఎవరూ ఇండియా రాలేదు. కెమెరా పనికి జాక్ కార్డిఫ్‌కి, కళాదర్శకత్వానికి ఆల్ఫ్రెడ్ యుంగెకి ఆస్కార్లు వచ్చాయి, రెండూ న్యాయమైనవే. మైసూరు వైపు మావటి కొడుకు సాబూ ఇందులో రాకుమారుడు. కానీ కాంచీ అనే మన అమ్మాయి పాత్రకి జీన్ సిమన్స్‌కి గోధుమరంగు పూశారు, పాలస్ కాపలా చూసే ఆయా కూడా ఇంగ్లిష్ నటే. ఇది లోపం, ఆ రోజుల్లో అందరూ చేసేవారన్నది నిజమే కానీ చూసేటప్పుడు మనకి గుచ్చుకోక మానదు. ప్రదర్శనకి ముందు ఈ మాట కూడా చెప్పండి. ప్రశంసతో పాటు బాధ్యత కూడా ఇద్దరిదీ, పేర్లు రెండూ వేయమనడంలో అది కూడా కలిసే ఉంది. మరో సంగతి, బ్రిటిష్‌వాళ్లు ఇండియా వదిలి వెళ్లిపోవడానికి కొద్ది నెలల ముందు విడుదలైన ఈ సినిమాలో తెల్లవాళ్లు ఆ కొండ మీద నిలవలేక సామాన్లు సర్దుకుని దిగిపోతారు. ఒక దేశం వదిలి ఇంకో దేశంలో ఇమడటం అంటే ఏంటో తెలిసినవాడి చెయ్యి ఆ స్క్రిప్ట్‌లో ఉందని నాకనిపిస్తుంది.

అందులో ఆఖర్లో గంట దగ్గర పెనుగులాట ఉంది కదా, ఆ సీక్వెన్స్‌కి సంగీతం ముందు రాసి, దానికి అనుగుణంగా షూట్ చేశారు. ఆ ప్రయోగమే మరుసటి ఏడాది ‘ద రెడ్ షూస్’లో పదిహేడు నిమిషాల బ్యాలే అయ్యింది. ఆ స్క్రిప్ట్ చరిత్ర చూడండి. 1930లలోనే కోర్డా కోసం ప్రెస్‌బర్గర్ రాసినది, పక్కన పడిపోయింది, ఏళ్ల తర్వాత ఇద్దరూ కలిసి దాన్ని కోర్డా దగ్గర తిరిగి కొనుక్కున్నారు. డ్యాన్సర్ పాత్రకి నిజమైన డ్యాన్సరే కావాలని పావెల్ పట్టుబట్టాడు, మోయిరా షియరర్ అలా వచ్చింది. ఒకరు పదేళ్ల కింద రాసుకున్న కథ, ఇంకొకరి మొండిపట్టు, రెండూ కలిస్తేనే ఆ సినిమా. డబ్బు పెట్టిన రాంక్ కంపెనీ పెద్దలు చూసి ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్లిపోయారట. బ్రిటన్‌లో పెద్దగా పట్టించుకోకుండా వదిలారు. న్యూయార్క్‌లో ఒక చిన్న థియేటర్‌లో అది 107 వారాలు ఆడింది. కళాదర్శకత్వానికి, సంగీతానికి ఆస్కార్లు వచ్చాయి.

ఇక్కడ డబ్బు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇండిపెండెంట్ అన్న మాటని మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. యుద్ధకాలంలో జె. ఆర్థర్ రాంక్ ‘ఇండిపెండెంట్ ప్రొడ్యూసర్స్’ అని ఒక గొడుగు పెట్టాడు. ఆర్చర్స్, డేవిడ్ లీన్ వాళ్ల సినీగిల్డ్, ఇంకా కొన్ని చిన్న కంపెనీలు దాని కింద. డబ్బు రాంక్‌ది, కథలో వేలు పెట్టడు. ఆ నాలుగైదేళ్లలోనే ఆర్చర్స్ సినిమాల్లో మేలైనవన్నీ వచ్చాయి. 1947లో ప్రభుత్వం విదేశీ సినిమాల మీద 75 శాతం పన్ను వేసింది, హాలీవుడ్ సినిమాలు పంపడం ఆపేసింది, ఆ ఖాళీ నింపుదామని రాంక్ ఎక్కువ సినిమాలకి డబ్బు పోసి నష్టపోయాడు, లెక్కలవాళ్ల చేతికి పెత్తనం వెళ్లింది. వీళ్లు బయటికొచ్చి మళ్లీ కోర్డా దగ్గర చేరారు. అక్కడ అమెరికా భాగస్వాములు తగిలారు. ‘గాన్ టు ఎర్త్’ (1950)ని హాలీవుడ్ నిర్మాత సెల్జ్‌నిక్ కోర్టుకి లాగాడు, ఓడిపోయాడు, అయినా అమెరికాలో మాత్రం దాన్ని కోసి, కొత్త సీన్లు తీయించి, వేరే పేరుతో వదిలాడు. ప్రతి అడుగు ఫిల్మూ మా బాధ్యతే అని రాసుకున్నవాళ్ల సినిమాకి ఆ గతి.

ఆ తర్వాత వాళ్ల మధ్య మునుపటి వేడి తగ్గింది. 1956లో ‘ద బ్యాటిల్ ఆఫ్ ద రివర్ ప్లేట్’ బాగా ఆడింది, 1957లో ఇంకో సినిమా, ఆపైన ఎవరి దారి వాళ్లది. గొడవపడి కోర్టుకెక్కలేదు, ఒకర్నొకరు తిట్టుకోలేదు. పావెల్ 1960లో ‘పీపింగ్ టామ్’ తీశాడు, బ్రిటిష్ విమర్శకులు చీల్చి చెండాడారు, అతని కెరీర్ అక్కడే దెబ్బతింది. ఇవాళ దాన్ని గొప్ప సినిమా అంటున్నాం, నిజమే, దాని రచయిత లియో మార్క్స్ అని కూడా ఎవరూ చెప్పరు, చూడండి అలవాటు ఎంత గట్టిదో. ప్రెస్‌బర్గర్ నవలలు రాశాడు. 1966లో ఆస్ట్రేలియాలో పావెల్ తీసిన సినిమాకి మారుపేరుతో స్క్రిప్ట్ ఇచ్చాడు, 1972లో పిల్లల సినిమా ఒకటి మళ్లీ కలిసి చేశారు. ప్రెస్‌బర్గర్ 1988లో పోయాడు, పావెల్ 1990లో.

రెండో పేరు ఎలా జారిపోయింది? ఇందులో దుర్మార్గులెవరూ లేరు. సినిమా అంటే దర్శకుడి సొంత సంతకం అన్న వాదం ఫ్రాన్స్‌లో పుట్టి ప్రపంచమంతా పాకిన రోజులవి, ఆ లెక్కలో రెండు పేర్ల కార్డుకి చోటు లేదు. 1970లలో వీళ్లని తిరిగి వెలుగులోకి తెచ్చినవాళ్లలో అమెరికా దర్శకుడు మార్టిన్ స్కోర్సెసి ముందున్నాడు, అతను పావెల్‌తో దగ్గరయ్యాడు. స్కోర్సెసి ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ 1984లో పావెల్‌ని పెళ్లి చేసుకుంది, అతను పోయాక కూడా ఆ సినిమాల కోసం ఎంతో చేస్తూ వచ్చింది. పావెల్ మాటకారి, పెద్ద ఆత్మకథ రాశాడు. ప్రెస్‌బర్గర్ సఫోక్‌లోని పల్లెలో మౌనంగా ఉండిపోయాడు. అతని గురించి నిండైన జీవితచరిత్ర 1994లో వచ్చింది, రాసింది మనవడు కెవిన్ మెక్‌డొనాల్డ్, అప్పటికి తాత లేడు.

బ్రిటిష్‌వాళ్లు మాత్రం దిద్దుకున్నారు. 1981లో బ్రిటిష్ సినిమా అకాడమీ, అంటే బాఫ్టా, ఫెలోషిప్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. 2023లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన పెద్ద ఉత్సవం ఇద్దరి పేర్ల మీదే. 2024లో వచ్చిన డాక్యుమెంటరీకి స్కోర్సెసి గొంతు ఇచ్చాడు, దాని పేరులోనూ ఇద్దరూ ఉన్నారు. మనం ఇంకా పాత పద్ధతిలోనే ఎందుకుండాలి?

నిజానికి ఇది తెలుగువాళ్లకి తెలియని సంగతి కాదు. 1967లో ‘సాక్షి’ నుంచి మనం బాపు-రమణ అని ఒక్క ఊపిరిలో అంటున్నాం, బొమ్మ ఎవరిదో మాట ఎవరిదో తెలిసి కూడా విడదీయాలని మనకెప్పుడూ అనిపించలేదు. అంత సహజంగా మనకి అర్థమయ్యే బంధాన్ని బయటి సినిమా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతున్నాం? ఇంకో వైపు, కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం అని నాలుగూ పేర్చి కింద ఒక్క పేరు వేసే కార్డు కూడా మనకి బాగా అలవాటే. ఆ కార్డు వెనక సిట్టింగ్స్‌లో కూర్చున్నవాళ్లెందరో చూస్తున్న మనిషిగా చెప్తున్నాను, సొంత పేరు వేసుకునే చోట ఇంకొకరి పేరు పక్కన పెట్టడానికి మనసు ఒప్పుకోవడం అంత తేలిక కాదు. పావెల్ దాన్ని ఏళ్ల తరబడి, ఆర్చర్స్ సినిమాలన్నిటికీ చేశాడు. అతన్ని అభిమానించేవాళ్లు కనీసం అతని ఈ నిర్ణయాన్ని గౌరవించాలి.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. పోస్టర్ మీద, బ్రోచర్‌లో, వ్యాసం మొదటి వాక్యంలో రెండు పేర్లూ ఒకే వరసలో వేయండి. ‘దర్శకుడు’ అని ఒక్క గడి మాత్రమే ఉన్న ఫారం అయినా సరే ఆ గడిలోనే రెండూ రాయండి. వాళ్ల సినిమాలు వరసగా వేద్దామనుకుంటే ‘బ్లాక్ నార్సిసస్’తో మొదలుపెట్టకండి, ‘ఐ నో వేర్ ఐయామ్ గోయింగ్!’తో మొదలుపెట్టి, రెండో వారం ‘కల్నల్ బ్లింప్’ వేయండి, అది పొడుగైన సినిమా, మధ్యలో ఇంటర్వెల్ ఇవ్వండి కానీ థియో సీన్‌కి ముందు మాత్రం లైట్లు వేయొద్దు. వెండీ హిల్లర్‌కి రాసిన ఆ ఉత్తరం తెలుగులో కావాలంటే నేను చేసిస్తాను, డబ్బులేం వద్దు. ఇప్పటికే వేసిన పోస్టర్లు ఉంటే పారేయనక్కర్లేదు, పావెల్ పేరు పక్కన చోటుంది, స్కెచ్ పెన్‌తో రాసినా సరిపోతుంది.

ఇట్లు,
స్టోరీ సిట్టింగ్స్‌లో కూర్చునే ఒక రచయిత